గుర్తు ఎవరిది? డాలుచిహ్నాలు, జెండాలు, మన బందరు

ప్రతి గుర్తుకూ ఒక యజమాని ఉంటాడు. పశువు మీది వాత దానిని పెంచిన రైతును తెలుపుతుంది. బస్తా మీద వ్రాసిన అక్షరం వర్తకుని తెలుపుతుంది. పత్రం అడుగున పడిన ముద్ర సర్కారును తెలుపుతుంది. మరి జెండా ఎవరిని తెలుపుతుంది? అది పైకెగిరే సమయాన మనమందరం లేచి నిలబడతాము, వందనం చేస్తాము. కాని ఆ గుడ్డ మీది రంగులు ఎవరి సొత్తు అన్న ప్రశ్న మనలో చాలామందికి తోచదు. తోచినవారిలోనూ కొందరు "ఈ రంగు వారిది, ఆ రంగు మనది" అని పంచుకొని ఊరుకొంటారు. ఈ పంపకం సరియైనదేనా అన్నది తేల్చుకొనవలెనంటే గుర్తుల చరిత్రను కొంత వెనుకకు వెళ్లి చూడవలసి ఉంటుంది. ఆ చరిత్రలో జర్మనీ దేశపు నగరాలకు చోటున్నది. మన బందరుకు అంతకంటే పెద్ద చోటున్నది.

మాటలు చెప్పే చరిత్ర

తెలుగులో జెండాకు పేర్లు కొదువ లేవు. ధ్వజం, పతాకం, కేతనం అన్నవి సంస్కృతం నుండి వచ్చినవి. టెక్కెము, సిడము, పడగ అన్నవి పూర్వకవుల కావ్యాలలో కనబడతాయి. నేడు అందరి నోటా పలికే జెండా అన్న మాట హిందుస్తానీ నుండి వచ్చి మన భాషలో స్థిరపడినది. విష్ణువును గరుడధ్వజుడనీ, శివుని వృషభధ్వజుడనీ, అర్జునుని కపిధ్వజుడనీ పిలవడంలో ఒక విశేషమున్నది: ధ్వజం మీది గుర్తే దానిని ధరించినవాని పేరైనది. గుర్తును చూసిన క్షణంలోనే మనిషి స్ఫురిస్తాడు.

పారసీ, అరబ్బీ భాషలు కూడా ఇదే సంగతిని చెబుతున్నవి. పారసీలో నిషాన్ అంటే గుర్తు. జెండా అని కూడా అర్థం. మన పల్లెల్లో చదువురాని వారు పత్రం మీద వేసే వేలిముద్రను నిశాని అనడం అందరెరిగినదే. అరబ్బీలో అలమ్ అన్న మాటకూ గుర్తు, ధ్వజం అనే రెండర్థాలున్నవి. మొహర్రం దినాలలో ఊరేగించే పీర్లు ఈ అలములే. యుద్ధభూమిలోని ధ్వజానికి అవి జ్ఞాపికలు. తెలుగు పల్లెల్లో ఆ పీర్లను ఎత్తుకొనేవారిలో, వాటి ముందు దట్టీలు కట్టేవారిలో అన్ని మతాలవారూ ఉండడం పీర్ల పండుగ చూసినవారికి క్రొత్త సంగతి కాదు. ఒకరి గుర్తు పదిమంది గుర్తు కాగలదని పుస్తకాలు చెప్పక ముందే మన పల్లెలు ఆచరించి చూపినవి.

రాజు ముద్ర

మన దేశంలో గుర్తుకు మొదటి యజమాని రాజు. వేంగి చాళుక్యులు తమ దానశాసనాలను రాగిరేకుల మీద చెక్కించి, వాటికి రంధ్రం చేసి, ఒక కడియంతో గుచ్చి, ఆ కడియపు కొనలు కలిసే చోట ముద్ర వేయించేవారు. ఆ ముద్ర మీద వరాహం, సూర్యచంద్రులు, అంకుశం, పద్మం, నడుమ "శ్రీ త్రిభువనాంకుశ" అన్న బిరుదు కనబడతాయి. దీనినే లాంఛనం అంటారు. వారికి ముందు ఈ ప్రాంతాన్ని ఏలిన శాలంకాయనులకు వృషభం, విష్ణుకుండినులకు సింహం లాంఛనాలు. కాకతీయులకూ విజయనగర ప్రభువులకూ మరల వరాహమే. బంగారు నాణానికి వరహా అన్న పేరు ఆ వరాహం వల్లనే కలిగినది.

అక్షరం రాని రైతు కూడా వరాహాన్ని చూసి ఇది రాజాజ్ఞ అని గ్రహించేవాడు. అంతవరకు గుర్తు తన పని తాను చేసినట్లే. కాని ఆ వరాహం రైతుది కాదు, వాని గ్రామానిదీ కాదు. వంశం పోయిన నాడు లాంఛనం కూడా పోయినది. ఆసఫ్ జాహీల పసుపు జెండా నడుమ గుండ్రని రొట్టె ఉండేది. మొదటి నిజాముకు ఒక సూఫీ గురువు కుల్చాలు పెట్టగా ఆయన ఏడు తిన్నాడనీ, ఏడు తరాలు ఏలుతావని గురువు దీవించాడనీ కథ చెబుతారు. కథ మనోహరమైనదే, అయినా అది ఒక వంశపు కథ. ఆ జెండా క్రింద బ్రతికిన కోట్లాది ప్రజలకు ఆ రొట్టెలో వాటా లేదు.

డాలు మీది బొమ్మ

యూరపు ఖండంలో ఈ లాంఛనాలు వేరొక త్రోవన పెరిగినవి. పన్నెండవ శతాబ్దంలో అచ్చటి యోధులు ముఖం పూర్తిగా కప్పే ఇనుప శిరస్త్రాణాలు ధరింపసాగారు. ఆ వేషంలో మిత్రుడెవరో శత్రువెవరో తెలియదు. కనుక డాలు మీద రంగులతో ఒక బొమ్మ వేయించుకొని దానివల్ల గుర్తుపట్టుకొనే ఆచారం బలపడినది. డాలు నుండి అది పైవస్త్రానికి, జెండాకు, ఉంగరపు ముద్రకు, ఇంటి గుమ్మానికి, చివరకు సమాధికి ఎక్కినది. తండ్రి నుండి కొడుకుకు సంక్రమించి వంశచిహ్నమైనది. దీనిని మనం డాలుచిహ్నం అనవచ్చును. జర్మను భాషలో దీనికి వాపెన్ అని పేరు. ఆయుధం అనే అర్థం గల వాఫెన్ అన్న మాటకు ఇది రూపాంతరమే. డచ్చి భాషలోనైతే ఆయుధానికీ డాలుచిహ్నానికీ ఒకటే మాట. ఈ గుర్తుల పుట్టుక యుద్ధంలో అని ఆ పేర్లే సాక్ష్యమిస్తున్నవి.

డాలుచిహ్నాలకు వ్యాకరణం వంటి శాస్త్రమొకటి ఏర్పడినది. అందులో రంగులు రెండు జాతులు. బంగారం, వెండి లోహాలు. చిత్రంలో వీటిని పసుపు, తెలుపులతో చూపుతారు. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ, ఊదా అనేవి వర్ణాలు. వర్ణం మీద వర్ణం గాని, లోహం మీద లోహం గాని ఉంచరాదన్నది ముఖ్యసూత్రం. ఎరుపు మీద నీలం కూడదు; ఎరుపు మీద తెలుపు తగును. ఇది కేవలం అలంకారానికి పెట్టిన నియమం కాదు. ధూళి రేగిన రణరంగంలో దూరం నుండి చూసిన కంటికి ముదురు రంగు మీద ముదురు రంగు ఆనదు. లేతది ప్రక్కన ఉంటేనే ముదురుది స్పష్టమవుతుంది. ఈ సూత్రాన్ని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. దీనితో మనకు ముందు పని ఉన్నది.

డాలు కుడి ఎడమలు చూసేవానివి కావు, పట్టుకొన్నవానివి. చిత్రంలో మన ఎడమ చేతివైపు ఉన్నది శాస్త్రంలో కుడి. గుర్తును చూసేవాని వైపు నుండి కాక, ధరించేవాని వైపు నుండి చదవాలని దీని భావం.

నగరం సొంతం చేసుకొన్న గుర్తు

యూరపులో వర్తక నగరాలు బలపడిన పిమ్మట గుర్తుకు క్రొత్త యజమాని ఏర్పడినాడు. రాజుకూ యోధునికీ మాత్రమే ఉన్న చిహ్నాన్ని నగరవాసులు తమకూ తెచ్చుకొన్నారు. తొలుత అది నగరపు పత్రాల మీద వేసే ముద్ర, తరువాత డాలుచిహ్నం, తరువాత జెండా.

జర్మనీలో ఎల్బే నది మీది రేవుపట్టణం హాంబుర్గ్ చిహ్నం ఎర్రని నేల మీద మూడు బురుజుల తెల్లని కోట. వేజర్ నది మీది రేవుపట్టణం బ్రేమెన్ చిహ్నం ఎర్రని నేల మీద వెండి తాళంచెవి. ఆ నగర ప్రధాన దేవాలయం పునీత పేతురు పేర వెలసినది. స్వర్గద్వారపు తాళంచెవి ఆయన చేతిలో ఉంటుందని క్రైస్తవుల విశ్వాసం. బెర్లిన్ చిహ్నం ఎలుగుబంటి. ఆ జంతువుకు జర్మను భాషలో పేరు బేర్, నగరం పేరు బెర్లిన్. మ్యూనిక్ నగరాన్ని జర్మనులు మ్యున్షెన్ అంటారు. సన్న్యాసుల చోటు అని దాని అర్థం, కనుక చిహ్నంలో సన్న్యాసి నిలుచున్నాడు. ఇట్లు పేరును బొమ్మలో పలికించే చిహ్నాలను శాస్త్రజ్ఞులు మాట్లాడే చిహ్నాలంటారు. నగరపు జెండా సాధారణంగా ఆ చిహ్నపు రంగులతోనే తయారవుతుంది. హాంబుర్గ్ జెండా ఎర్రని గుడ్డ మీద అదే తెల్లని కోట.

ఇచ్చట గమనించవలసిన మార్పు ఒకటున్నది. హాంబుర్గ్ కోట ఏ ప్రభువుదీ కాదు. ఆ ఊరి బేహారిదీ, పడవవానిదీ, రొట్టెలు కాల్చేవానిదీ. వంశాలు అంతరించినవి, ప్రభుత్వాలు మారినవి, యుద్ధంలో ఆ నగరం చాల భాగం నేలమట్టమైనది; అయినా గుర్తు నిలిచినది. యజమాని ఒక మనిషి కానప్పుడు గుర్తు ఆ మనిషితో చావదు.

ఈ పద్ధతి మన మచిలీపట్నానికి అన్వయించితే చిహ్నం ఏమై ఉండును? మచిలీ అంటే చేప గనుక చేప బొమ్మ తోచకమానదు. కోటద్వారాన్ని చేపకన్నులతో అలంకరించినారన్న ఐతిహ్యం కూడా ఉన్నది. అయితే సుమారు రెండువేల ఏండ్లనాటి గ్రీకు గ్రంథాలలో ఈ తీరానికి మసాలియా, మైసోలియా అన్న పేర్లు కనబడుతున్నవి. సన్నని నూలుబట్టలకు ఈ సీమ ఆనాడే ప్రసిద్ధి. పేరు పాతది, చేప కథ తరువాతిది కావచ్చును. పారసీలో రేవుకు బందర్ అని పేరు. మన నోట అది బందరైనది. తనకంటూ ఒక చిహ్నం వ్రాసుకొనే తీరిక ఈ రేవుకు చిక్కలేదు. ఇతరుల చిహ్నాలు మాత్రం ఇచ్చటికి లెక్కకు మించి వచ్చినవి.

రేవున దిగిన గుర్తులు

గోలకొండ సుల్తానుల కాలంలో బందరు తూర్పుతీరపు మేటి రేవు. 1605లో డచ్చివారు ఇచ్చట వర్తకస్థానం ఏర్పరచుకొన్నారు. 1611లో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు వచ్చారు. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అనే పేటల పేర్లు ఆ మూడు జాతుల జ్ఞాపకాలు. వలందులంటే హాలండువారు, పరాసులంటే ఫ్రెంచివారు.

డచ్చివారి సమాధుల తోటలో పదిహేడవ శతాబ్దపు రాతిపలకలున్నవి. వాటి మీద డచ్చి అక్షరాలూ, చక్కగా చెక్కిన డాలుచిహ్నాలూ కానవస్తాయి. పైన శిరస్త్రాణం, దాని నుండి ఆకుతీగలవలె వ్రేలాడే వస్త్రం, నడుమ డాలు. హాలండు దేశంలో సామాన్య గృహస్థు సైతం వంశచిహ్నం ధరించవచ్చును. అందుకు రాజు అనుమతి అక్కరలేదు. కనుక ఆ రాళ్ల క్రింద నిద్రించేవారిలో ప్రభువులు వెదకనక్కరలేదు. వారు ఈ తీరపు అద్దకం బట్టలు కొనడానికి వచ్చి, తిరిగిపోలేక ఈ మట్టిలో కలిసిన వర్తకోద్యోగులు, వారి కుటుంబాలవారు. రాతికి రంగులు లేవు గనుక ఏ డాలు ఎరుపో ఏది నీలమో చూపరికి తెలియదు. ఇంటి పేరు తెలిసినవారు దూరదేశంలో ఉన్నారు. చిహ్నం ఇచ్చట ఉన్నది. చదివేవాడు లేని గుర్తు ఎంత దీనంగా ఉంటుందో తెలుసుకొనదలచిన విద్యార్థి ఆ తోటను ఒకసారి దర్శించవలెను.

వంశచిహ్నం ప్రక్కనే మరొక గుర్తు ఈ రేవున దిగినది. అది 1602లో పుట్టిన డచ్చి తూర్పు ఇండియా కంపెనీ గుర్తు. పెద్ద వి అక్షరం, దాని రెండు కాళ్ల మీద ఓ, సి అక్షరాలు. ఫిరంగుల మీద, నాణాల మీద, సరుకుల మీద ఆ మూడక్షరాల ముద్రే. ఇది వంశానిది కాదు, ఊరిది కాదు, పెట్టుబడిది. ఇంగ్లీషు కంపెనీ ఎరుపు తెలుపు చారల జెండా కూడ ఆ కోవలోనిదే. 1750లో బందరు ఫ్రెంచివారి చేతికి పోయినది. 1759లో కర్నల్ ఫోర్డు దానిని వారి నుండి పట్టుకొన్నాడు. కోట బురుజు మీద జెండాలు మారినవి. మారిన ప్రతిసారీ ఊరివారు తల ఎత్తి చూసినారే గాని, "మీకే జెండా కావలెను" అని వారినెవ్వరూ అడిగినవారు లేరు.

జాతీయ కళాశాల నుండి బెజవాడకు

ఆ ప్రశ్నను తనకు తానే వేసుకొన్నవాడు ఈ సీమలోనే పుట్టినాడు. పింగళి వెంకయ్య 1876 ఆగస్టు 2న బందరుకు సమీపంలోని భట్లపెనుమర్రులో జన్మించారు. యౌవనంలో బ్రిటిషు సైన్యంలో చేరి దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధంలో పాల్గొన్నారు. ప్రత్తి పంటలో చేసిన కృషి వల్ల ప్రత్తి వెంకయ్య అనీ, జపాను భాషాపరిచయం వల్ల జపాన్ వెంకయ్య అనీ ప్రసిద్ధి పొందారు. 1910లో బందరులో స్థాపితమైన ఆంధ్ర జాతీయ కళాశాలలో అధ్యాపకులుగా పనిచేశారు. భారతదేశానికి ఒక జాతీయ పతాకం ఉండవలెనని 1916లో ముప్పది నమూనాలతో ఇంగ్లీషులో ఒక పుస్తకం ప్రకటించారు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెస్ సంఘం బెజవాడలో సమావేశమైనది. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద చరఖా గల పతాకాన్ని వ్రాసి ఇమ్మని గాంధీజీ వెంకయ్యగారిని కోరారు. చరఖా సూచన జలంధరుకు చెందిన లాలా హంసరాజ్‌ది. వెంకయ్యగారు మూడు గంటలలో పతాకాన్ని సిద్ధం చేశారు. నాటి లెక్కలో ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లిములకు. పిమ్మట గాంధీజీ ఆలోచించి, మిగిలిన మతాలవారి కొరకు తెలుపును చేర్చవలెనన్నారు. వరుస కూడా నిర్ణయించారు: సంఖ్యలో అందరికంటే తక్కువైనవారి తెలుపు పైన, తరువాత ఆకుపచ్చ, అట్టడుగున ఎరుపు. బలవంతుడు బలహీనునికి డాలుగా నిలవవలెనన్నది ఆ వరుసలోని భావం. యుద్ధంలో తన్ను తాను కాచుకొనడానికి పుట్టిన డాలు ఇచ్చట పొరుగువానిని కాచే డాలైనది.

1931 నాటి నిర్ణయం

భావం ఉదాత్తమైనదే. కాని రంగుకొక మతాన్ని కేటాయించిన తరువాత, తమ రంగు ఏదని అడిగేవారు తప్పక ఉంటారు. తమ రంగునూ చేర్చవలెనని సిక్కు నాయకులు కోరారు. వాటాల లెక్క మొదలైతే అంతమెక్కడ? 1931లో కాంగ్రెస్ కార్యవర్గం ఏడుగురితో పతాక సంఘాన్ని నియమించినది. సర్దార్ పటేల్, మౌలానా ఆజాద్, జవహర్‌లాల్ నెహ్రూ, మాస్టర్ తారాసింగ్, కాకా కాలేల్కర్, హార్డీకర్ సభ్యులు. సంఘానికి కన్వీనరు బందరు వాస్తవ్యులు, 1923లో ఇచ్చట ఆంధ్రా బ్యాంకును స్థాపించిన డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు. పది సంవత్సరాల వ్యవధిలో దేశపతాక నిర్మాణంలో బందరు రెండవ పర్యాయం చేయి వేసినది.

ఆ సంఘం పతాకమంతా ఒకే కేసరి రంగుతో ఉండవలెనని సిఫారసు చేసినది. అఖిల భారత సంఘం దానిని అంగీకరింపలేదు. ఆగస్టులో బొంబాయిలో కేసరి, తెలుపు, ఆకుపచ్చ పట్టీలతో, నడుమ నీలి చరఖాతో పతాకాన్ని ఆమోదించి, ఈ రంగులకు మతపరమైన అర్థం లేదని స్పష్టంగా ప్రకటించినది. కేసరి ధైర్యానికీ త్యాగానికీ, తెలుపు సత్యానికీ శాంతికీ, ఆకుపచ్చ విశ్వాసానికీ శౌర్యానికీ గుర్తులు. 1947 జూలై 22న రాజ్యాంగసభలో నెహ్రూ పతాక తీర్మానాన్ని ప్రతిపాదిస్తూ ఇందులో మతభేదాల ప్రసక్తి లేదని మరల చెప్పారు. చరఖా స్థానంలో సారనాథ్ అశోకస్తంభం మీది ఇరువది నాలుగు ఆకుల చక్రం వచ్చినది. నిడివి వెడల్పులు మూడింటికి రెండు పాళ్లుగా నిర్ణయమైనవి.

ఈ చరిత్ర తెలిసిన పిదప "ఆకుపచ్చ మనది" అన్న మాట పొరపాటని వేరే చెప్పనక్కరలేదు. ఆ మాట మన విద్యార్థుల నోటా వింటాము, ఇతరుల నోటా వింటాము. అభిమానంతో అన్నా అది మన వాటాను మూడవ వంతుకు తగ్గించుకొనడమే. ఆక్షేపణగా అన్నవారు మనకు మూడవ వంతు మాత్రమే విదిలిస్తున్నారు. ధైర్యం ఒక మతానిదీ, విశ్వాసం మరొక మతానిదీ అనగలమా? మూడు పట్టీలూ ప్రతివానివీ, చక్రమూ ప్రతివానిది. 1931 నాటి పెద్దలు ఎంతో ఆలోచించి తుడిచివేసిన గీతను మనం మరల గీయరాదు.

ముగింపు

డాలుచిహ్నాల సూత్రాన్ని ఇప్పుడు జ్ఞాపకం చేసుకొందము. వర్ణం మీద వర్ణం కూడదు, నడుమ లోహం ఉండవలెను. 1921లో మొదట వ్రాసిన పతాకంలో ఎరుపు, ఆకుపచ్చ ఒకదానినొకటి తాకి ఉండినవి. దూరం నుండి, మసకవెలుగులో ఆ రెండూ కలిసి నల్లబడతాయి. ఆ రెండింటినీ వేరుచేసి చూడలేని కళ్లు గలవారు కూడ కొందరుంటారు. తెలుపును గాంధీజీ చేర్చినది ఇతర మతాలవారి కొరకు. 1931లో అది కేసరికీ ఆకుపచ్చకూ నడుమ నిలిచినది. దానివల్ల కంటికి కలిగిన మేలు వేరు. నడుమ తెలుపు ఉన్నందున కేసరి కేసరిగా, ఆకుపచ్చ ఆకుపచ్చగా దూరానికి కనబడుతున్నవి. రెంటినీ విడదీయడానికి కాదు, ఒకదానిలో ఒకటి మరుగుపడకుండ కాపాడడానికే ఆ తెలుపు. సత్యం, శాంతి అని దానికి చెప్పిన అర్థానికి ఇంతకంటే తగిన వ్యాఖ్యానం వేరొకటి లేదు.

వెంకయ్యగారు 1963 జూలై 4న పరమపదించారు. 2009లో ఆయన స్మారకంగా తపాలాబిళ్ల వెలువడినది. 2002 జనవరి 26న అమలులోకి వచ్చిన పతాక నియమావళి ప్రకారం ప్రతి పౌరుడూ సంవత్సరంలో ఏ దినమైనా తన ఇంటి మీద జాతీయ పతాకాన్ని గౌరవంగా ఎగురవేసుకొనవచ్చును. వేంగి వరాహం రాజుది. సమాధి మీది డాలు వంశానిది. మూడక్షరాల ముద్ర కంపెనీది. హాంబుర్గ్ కోట ఒక్క ఊరిది. గిలకలదిండి రేవులో పడవ కొయ్యకు పతాకాన్ని కట్టుకొన్న జాలరి మాత్రం ఎవరి గుర్తునో మోయడం లేదు. తన గుర్తునే ఎగురవేస్తున్నాడు. ఆ జెండాకు యజమాని ఎవరని అడిగినవారికి మన విద్యార్థులు తడుముకొనకుండ చెప్పవలసిన సమాధానం ఒక్కటే: నేను, నాతో పాటు నా పొరుగువాడు.